ఇంటి చెత్త – పట్టణముల తీరు
(ఇబ్రహీంపట్నమున సంఘ వార్షిక మహాసభయందు చేయబడిన ఉపన్యాసము)



మహాసభలో చెత్తను గూర్చి ఉపన్యసించుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని ఏటేట ఎన్నియో శుభకార్యములకు విందులు చేయు సంఘము మనది. విందు ముగిసిన మఱునాడు మండపము వెనుక మిగులునది మనలో ఎందఱు చూచుచున్నారు? కావున ఈ విషయము మన యింటిదే.

చెత్తను ఎత్తివేయుట వేఱు. అది పుట్టకుండ చూచుట వేఱు. మొదటి పనిని అన్ని పట్టణములును ఎంతో కొంత చేయుచున్నవి. రెండవదానిని కొన్ని మాత్రమే తలపెట్టినవి. ఈ భేదమునకు ధనమొక్కటే కారణము కాదని నా మనవి. ముఖ్యకారణములు మూడు కలవు.

మొదటిది, చెత్త ఎవరి కంట పడుచున్నది యనునది. హైదరాబాదు చెత్త ఏండ్ల తరబడి లారీలలో జవహర్‌నగరమునకు పోయి కొండవలె పెరిగినది. దుర్గంధమును అచ్చటివారు భరించిరి; పాఱవేసినవారికి అది కానరాలేదు. 2015లో ఆ నగరమున ఇంటింటికి రెండేసి బుట్టలు పంచిరి. తడి పొడి వేఱుచేయుటకు బుట్ట తోడ్పడును గాని, అందు పడునది తగ్గించుట బుట్ట చేతిలో లేదు. కేరళలోని అలప్పుళ పట్టణమున వేఱొక రీతి జరిగెను. ఆ పట్టణపు చెత్తను దింపుచుండిన సర్వోదయపురము గ్రామస్థులు 2012లో లారీలను అడ్డగించిరి. పంపుటకు వేఱు చోటు లేకపోవుటచే పట్టణవాసులు తడిచెత్తను ఇంటనో వాడకట్టులోనో ఎరువుగాను, వంటగ్యాసుగాను మార్చుకొను మార్గము పట్టిరి.

రెండవది, సొమ్ము నడచు తీరు. టన్నునకు ఇంతయని చెల్లించు ఒప్పందమున్నచోట, చెత్త తగ్గినచో ఎత్తువానికి లాభమేమి? ఒక సేరు పాఱవేసినను పది సేర్లు పాఱవేసినను రుసుము ఒకటే యైనచో, గృహస్థునకు తగ్గించుకొను బుద్ధి ఎట్లు పుట్టును? దక్షిణ కొరియాలో 1995 నుండి చెత్తను నియమిత సంచులలోనే వేయవలెను. ఆ సంచులను వెలయిచ్చి కొనవలెను. చెత్త హెచ్చినచో వెలయు హెచ్చును.

మూడవది, భారము ఎవరి భుజముపై నున్నది యనునది. సూర్యాపేట 2003 ప్రాంతమున కమీషనరు ఎస్.ఎ. ఖాదర్ సాహెబుగారి పూనికచే, వీధి కుండీలు లేని పట్టణముగా దేశమున పేరుగాంచెను. అది మిక్కిలి స్తుత్యము. అయినను ఎంత సమర్థుడైన అధికారియు ఒకనాడు బదిలీ యగును. ఊరిలో నిలుచువారు ఊరివారే. సిద్దిపేట ప్రాంతమున స్టీలు బ్యాంకులు ఏర్పడి, విందులకు పళ్లెములు, గ్లాసులు ఇచ్చుచు, ఒక్కసారి వాడి పాఱవేయు ప్లాస్టిక్కు అక్కఱ తగ్గించినవి. చెత్త పుట్టకుండ చూచుట యనగా ఇదియే.

ఇక మన సంగతి. హైదరాబాదు నగరము సాగరు రోడ్డు వెంట మనవైపు పెరుగుచున్నది. కుతుబ్‌షాహీల నాటి పెద్దచెరువు మనకు తరతరముల ఆస్తి. గాలికెగిరిన సంచియు, వాన కొట్టుకొనివచ్చిన సీసాయు పల్లమునకే చేరును గదా! మన పెద్దలు మోదుగాకు విస్తళ్లలో భుజించిరి. ఆ విస్తళ్లు పెంటకుప్పలో ఎరువయ్యెను. నేడు మెఱయు పళ్లెము, మనిషికొక నీళ్ల సీసా లేనిదే విందునకు గౌరవము లేదనుచున్నాము. ధనవంతుడు చేసినదానిని బీదవాడు అప్పు చేసియైనను అనుకరించును. కావున మార్పు పోషకుల పంక్తినుండియే ఆరంభము కావలెను.

పాత్రలు తోముటకు కూలి, నీరు కావలెనని కొందఱనవచ్చును. నిజమే. ఆ కూలి మన ఊరి చేతులకే చేరును. సీసాల కిచ్చు సొమ్ము ఊరు దాటిపోవును. నీరు పొదుపు చేయవలసినపుడు మోదుగాకు విస్తరి ఉండనే యున్నది.

కావున సంఘము పక్షమున ఐదువందల మందికి చాలు స్టీలు పాత్రలు కొని, బీదలకు ఉచితముగను, కలవారికి అద్దెకును ఇచ్చునట్లు ఈ సభయందే తీర్మానింపవలెనని ప్రార్థించుచున్నాను. పట్టణము మాఱువఱకు మనము వేచియుండ నక్కఱలేదు; మన పంక్తియు పట్టణములోనిదే.