బొమ్మ రైలుకు ముందు ఏడాది కావాలి

బహ్రెయిన్‌లోని మామీర్ ఊళ్లో రైలు కూత వినిపించదు. ఆ దేశంలో అసలు రైలు మార్గమే లేదు. అయినా ఆవిరి ఇంజన్ల మీద మోజున్నవాళ్లకు నమూనా రైలు కట్టుకోవడానికి బల్ల మీద రెండడుగుల చోటు చాలు.

బ్రిటిష్ నమూనాల్లో ఎక్కువ వాడుకలో ఉన్నది ఓఓ కొలత. అసలు ఇంజన్‌లో అడుగు, ఇక్కడ 4 మిల్లీమీటర్లు. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే బ్రిటిష్ ఆవిరి ఇంజన్ పెద్ద చక్రం 6 అడుగుల 8 అంగుళాలు. నమూనాలో 27 మిల్లీమీటర్లకు లోపే. చిత్రమేమిటంటే, పట్టాల మధ్య దూరం లెక్కప్రకారం 18.83 మిల్లీమీటర్లు ఉండాలి, ఓఓలో 16.5 మాత్రమే! అందుకే పట్టుదలగలవాళ్లు పట్టాలు కూడా సొంతంగా వేసుకుంటారు.

అసలు చిక్కు ఏడాదితో. 1923లో డాంకాస్టర్‌లో తయారైన ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌కు జంట పొగగొట్టం 1959లో వచ్చింది, పొగను పైకి మళ్లించే రేకులు 1961లో. 1930ల రైలు కడుతూ ఆ రేకులు తగిలిస్తే పరువు పోయినట్టే.

తర్వాత చేతిపని. అచ్చులో పోసిన ప్లాస్టిక్ చేతికమ్మీలను గీకేసి, సన్నటి ఇత్తడి తీగ అమర్చాలి. బాయిలర్ మీద నీరు కారి ఎండిన తెల్లచారలు, చక్రాల దగ్గర గోధుమరంగు మురికి పలచగా అద్దాలి. తళతళలాడితే అది బొమ్మే.

మన సికింద్రాబాద్–వాడి మార్గం 1874 నాటిది, బ్రాడ్‌గేజ్. ఇదే కొలతలో దానికి పట్టాల మధ్య 22 మిల్లీమీటర్లు కావాలి. ఓపికున్న శ్రోతలు ఆ మార్గం నమూనా మొదలుపెట్టండి. ముందు ఏ ఏడాదో తేల్చుకుని, ఆనాటి ఫొటో ఒకటి సంపాదించండి.