ఆదివారం కారు



మీ ఇంట్లో ఎప్పుడైనా ఒక పాత కారు ఉండేదా? లేకపోయినా ఫరవాలేదు. మేనమామదో, పక్కింటివాళ్ళదో, బాడుగకు తెచ్చిందో, ఒక అంబాసిడరో ఫియట్టో ఎక్కి, ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని, ఆదివారం పొద్దున్నే ఊరు దాటి వెళ్ళిన జ్ఞాపకం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. బరంపురం వాళ్ళకు అది గోపాల్‌పూర్ సముద్రం. యానాం వాళ్ళకు ద్రాక్షారామం. నాందేడు వాళ్ళకు బాసర. మా బళ్ళారి వాళ్ళకు హంపి, హోస్పేట డ్యాము, లేకుంటే సరిహద్దు అవతల చుట్టాల ఊళ్ళు. ఈ రోజు ఆ ఆదివారాల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

ముందు ఆ బండ్ల సంగతి. అప్పట్లో మన రోడ్ల మీద ముఖ్యంగా కనబడే కార్లు మూడు. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1957 నుంచి తయారైన అంబాసిడర్ ఒకటి. బొంబాయిలో తయారైన ఫియట్ ఇంకొకటి. ఇదే 1970ల్లో ప్రీమియర్ పద్మిని అని పేరు మార్చుకుంది. మూడోది మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్. కొత్త కారు కావాలంటే డబ్బు కట్టి ఏళ్ళ తరబడి కాచుకోవాలి. అందుకని మాబోటి ఇళ్ళకు వచ్చేవి చేతులు మారిన బండ్లే. మా నాయనది పత్తి వ్యాపారం. 1971లో ఆదోనిలో ఒక వ్యాపారి దగ్గర పాత అంబాసిడర్ కొన్నాడు. గేరు కడ్డీ స్టీరింగు పక్కనే ఉండేది. కాబట్టి ముందు సీటు మధ్యలో అడ్డం లేకుండా ఒకటే బల్లలాగా ఉండేది. నాయన, అవ్వ, వాళ్ళ మధ్య నేను. వెనక అమ్మ, అత్త, నలుగురు పిల్లలు. అవ్వ కాళ్ళ దగ్గర నీళ్ళ కూజా.

ఆ బండిలో 1489 సి.సి. ఇంజను ఉండేది. అంత బరువైన ఇనుప శరీరాన్ని, ఇంతమందిని లాగడానికి అది నిదానంగానే పోవాలి. యాభై కిలోమీటర్లు దాటితే తలుపులు గడగడలాడేవి. నాయన యాభై దాటనిచ్చేవాడు కాదు. "మనం ఊరు చేరడానికి పోవడం లేదురా, పోవడానికి పోతున్నాం" అనేవాడు. చిన్నప్పుడు ఆ మాట నాకు తమాషాగా ఉండేది. దాని అర్థం తెలియడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

ఆదివారం తెల్లవారుజామున ఇల్లంతా లేచేది. అమ్మ చిత్రాన్నం, పెరుగన్నం మూటలు కట్టేది. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి గుడ్డలో చుట్టి పెట్టేది. అవ్వ బండికి కుంకుమ బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచేది. నా పని రేడియేటరులో నీళ్ళు పోయడం. చలికాలమైతే చోకు లాగి, అప్పటికీ ఇంజను పలకకపోతే ముందర ఇనుప కడ్డీ పెట్టి తిప్పేవాళ్ళం. బండి ఒకసారి దగ్గి, పొగ వదిలి, పలికిందంటే వీధి వీధంతా మేము బయలుదేరామని తెలిసిపోయేది.

నాకు ఇప్పటికీ ఎక్కువ జ్ఞాపకం వచ్చేది ఆలూరు దారి. మా అమ్మ పుట్టిల్లు ఆలూరు. అమ్మ పెళ్ళయి బళ్ళారికి వచ్చిన నాటికి రెండూ మద్రాసు రాష్ట్రంలో ఒకే జిల్లా. 1953 అక్టోబరు 1న ఆలూరు, ఆదోని, రాయదుర్గం తాలూకాలు కొత్తగా ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రానికి పోయాయి. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. అమ్మ కదలకుండానే ఆమె పుట్టిల్లు వేరే రాష్ట్రం అయింది. మీలో ఎన్ని ఇళ్ళలో ఇలాంటి కథ ఉందో మీకే తెలుసు.

ఆ దారిలో హగరి ఏరు అడ్డం వస్తుంది. వేదవతి అని దాని అసలు పేరు. ఎక్కువ నెలలు ఇసుకే తప్ప నీళ్ళుండవు. వంతెన మీద నాయన బండి ఆపేవాడు. అందరం దిగి, కాళ్ళు సాగదీసుకుని, ఇసుకలో చెలమలు తోడుకునేవాళ్ళను చూసేవాళ్ళం. ఇంజను చల్లబడే దాకా అక్కడే. వంతెన దాటిన కొంతసేపటికి బోర్డుల మీద అక్షరాలు మారేవి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మేమంతా కన్నడ బళ్ళో చదివినవాళ్ళం. ఇంట్లో మాట్లాడేది తెలుగు, రాసేది కన్నడం. మాకు తెలుగు చదవడం నేర్పిన బడి ఆ కారే. నాయన నిదానంగా పోనిస్తూ, "అదిగో, ఆ బోర్డు చదవండి" అనేవాడు. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళే కదా! గ, న, మ, ర దాదాపు ఒకటే. కన్నడంలో తలకట్టు అడ్డగీతలాగా పడుకుని ఉంటుంది, తెలుగులో టిక్కు పెట్టినట్టు పైకి లేస్తుంది. క, త, హ మాత్రం మమ్మల్ని మోసం చేసేవి. మైలురాయి వచ్చేది, మేము చదవబోయేలోపల దాటిపోయేది, ఇంకో రాయి కోసం కాచుకునేవాళ్ళం. బండి కాస్త వేగంగా పోయి ఉంటే మాకు ఆ అక్షరాలు వచ్చేవి కావు. ఇది నేను అతిశయోక్తిగా అనడం లేదు. ఆలూరు చేరేలోపల మా తమ్ముడు ఒక ఎరువుల బోర్డు మొత్తం చదివేశాడని అవ్వ వాడికి పావలా ఇచ్చిన రోజు నాకు బాగా గుర్తు.

తిండి కూడా అంతే. బళ్ళారిలో బొరుగులతో చేసేదాన్ని ఒగ్గరణి అంటాం, మిరపకాయ బజ్జీలతో తింటాం. ఏరు దాటి ఆలూరు బస్టాండులో అడిగితే అదే పళ్ళెం, అవే బజ్జీలు, పేరు మాత్రం ఉగ్గాణి. "పేరు మారిందని రుచి మారుతుందా" అనేది అవ్వ.

ఇక హోస్పేట దారి. కుడితిని, తోరణగల్లు మీదుగా సుమారు అరవై అయిదు కిలోమీటర్లు. ఇప్పుడు గంటంబావు ప్రయాణం. మాకు మూడు గంటలు పట్టేది. ఒక ఎండాకాలం నేను రేడియేటరులో నీళ్ళు పోయడం మరిచిపోయాను. బళ్ళారి ఎండలు మీకు తెలుసు. తోరణగల్లు దాటాక బానెట్ సందుల్లోంచి బుస్సుమని ఆవిరి వచ్చింది. అప్పుడు మూత తియ్యకూడదు, లోపలి వేడినీళ్ళు మొహం మీదికి ఎగజిమ్ముతాయి. గోనెసంచి తడిపి కప్పి కాచుకోవాలి. కొన్నిసార్లు ఇంకో తమాషా జరిగేది. వేడికి పెట్రోలు పైపులోనే ఆవిరై ఇంజనుకు అందేది కాదు. అప్పుడు పంపు మీద తడిగుడ్డ వేస్తే బండి మళ్ళీ పలికేది. ఆ రోజు తడపడానికే నీళ్ళు లేవు. కూజా అప్పటికే ఖాళీ.

నాయన నన్ను తిడతాడని తల వంచుకుని నిలబడ్డాను. ఆయన ఏమీ అనలేదు. పొలంలోంచి ఒక రైతు వచ్చి, "బర్రీ, నీరు కుడీరి" అని కన్నడంలో పిలిచాడు. చింతచెట్టు కింద కూర్చోబెట్టాడు. బావినుంచి రెండు బిందెలు తెచ్చాడు, ఒకటి మాకు, ఒకటి బండికి. ఇంతలో ఆయన భార్య మా అమ్మ మాట విని, "మీరు ఆలూరు పక్క వాళ్ళా అక్కా?" అని అచ్చమైన తెలుగులో అడిగింది. ఆమెదీ ఆ పక్క పల్లెటూరే. పెళ్ళయి వచ్చి పద్నాలుగేళ్ళయిందట, చుట్టుపక్కల తెలుగు మాట్లాడేవాళ్ళు లేరట. మా చిత్రాన్నం వాళ్ళు తిన్నారు, వాళ్ళ సజ్జరొట్టె మేము తిన్నాం. ఆ రోజు డ్యాము చూడనే లేదు. సాయంకాలం దాకా ఆ చెట్టు కిందే ఆమె, అమ్మ మాట్లాడుకున్నారు. బయలుదేరేటప్పుడు ఆమె అమ్మ చెయ్యి చాలాసేపు వదల్లేదు. తిరుగుదారిలో అమ్మ, "బండి ఆగిపోవడమే మంచిదయింది" అంది. నాకు ఆనాడు తిట్లు తప్పినందుకు సంతోషం. ఆ మాట బరువు తర్వాత తెలిసింది.

డ్యాముకు చేరిన రోజుల్లో మాకు ఒక ఆట ఉండేది. తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయింది, దానికి ముప్పై మూడు గేట్లు. అవ్వ మాతో ఒకటి, రెండు, మూడు అని తెలుగులో లెక్కపెట్టించేది. బళ్ళో కన్నడం అంకెలు అలవాటైన మేము ఇరవై దాటాక తడబడేవాళ్ళం. తప్పు చెప్పినవాడు మళ్ళీ మొదటినుంచి. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు కొట్టుకుపోయిందని విన్నప్పుడు, ఆ నీళ్ళమీద బతికే రైతులందరిలాగే నాకూ గుండె ఝల్లుమంది. దానితోపాటు, "పంతొమ్మిది" అని గట్టిగా అరిచిన మా చెల్లెలి గొంతు వినబడింది.

హంపిలో రాతిరథం చూపించి నాయన, "దీనికి నీళ్ళూ వద్దు, పెట్రోలూ వద్దు" అని నవ్వేవాడు. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాశాడని, ఈ వీధుల్లో తెలుగు, కన్నడం రెండూ వినబడేవని మేము మొదట విన్నది ఏ పుస్తకంలోనూ కాదు. ఆ ముందు సీట్లో కూర్చుని, నాయన నోట విన్నాం.

ఆ ఆదివారాలు ఎలా తగ్గిపోయాయి? 1973లో అరబ్బు దేశాలు చమురు ధర పెంచాక పెట్రోలు భారమైంది. వారం వారం పోయేవాళ్ళం నెలకొకసారి అయ్యాం. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. చిన్న బండి, తొందరగా పలికే బండి, ఆగిపోని బండి. 1989లో మేమూ అంబాసిడర్ అమ్మి చిన్న కారు కొన్నాం. అందులో ముందర ఇద్దరికే చోటు. అవ్వ అప్పటికి లేదు. తర్వాత 2000 దాటాక మా హోస్పేట రోడ్డు మీద ఇనుప ఖనిజం లారీలు బారులు తీరాయి. ఎర్రటి దుమ్ములో పిల్లల్ని తీసుకుపోవడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? 2011 జులైలో సుప్రీంకోర్టు బళ్ళారి జిల్లాలో తవ్వకాలు ఆపించేదాకా అదే పరిస్థితి. 2014 మే నెలలో ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. 2023 అక్టోబరులో ముంబయి వీధుల్లో పద్మిని టాక్సీలు కూడా సెలవు తీసుకున్నాయి.

కానీ శ్రోతలారా, తప్పంతా లారీలదీ, పెట్రోలుదీ కాదు. 1996లో ఒకరోజు ఆలూరులో పెళ్ళికి పోతున్నాం. బండి నేను నడుపుతున్నాను. పక్కన నాయన. హగరి వంతెన రాగానే, "ఒక్క నిమిషం ఆపరా" అన్నాడు. ముహూర్తానికి ఆలస్యమవుతుందని నేను, "తిరిగి వచ్చేటప్పుడు ఆపుతాలే నాయనా" అన్నాను. తిరిగి వచ్చేటప్పటికి రాత్రయింది, ఆయన నిద్రపోతున్నాడు. లేపలేదు. ఆ తర్వాత ఆయన ఆ దారిన రాలేదు. ఆ బండి ఆగాల్సిన అవసరం లేని బండి. అందుకే నేను ఆపలేదు. పాత కారైతే దానంతట అదే ఆగి ఉండేది.

ఇప్పుడు నా మనవలు బెంగుళూరులో ఉంటారు. తెలుగు మాట్లాడతారు, చదవడం రాదు. పోయిన దసరా సెలవుల్లో వాళ్ళను కూర్చోబెట్టుకుని ఆలూరు దారిలో నలభై కిలోమీటర్ల వేగంతో పోయాను. వెనకనుంచి వచ్చేవాళ్ళు హారన్లు కొట్టారు. కొట్టనీ అనుకున్నాను. వంతెన మీద ఆపాను. ఏరు దాటాక పెద్దవాడు ఒక బోర్డు వంక తేరిపార చూసి, "తాతా, ఇది 'న' కదా? కన్నడం 'న' లాగే ఉంది" అన్నాడు. అవును నాయనా అన్నాను. ఇంకేమీ అనలేకపోయాను.

పాత కార్లు మళ్ళీ రావు. వాటి పొగ, వాటి రిపేర్ల ఖర్చు మనకు వద్దు కూడా. అయితే నిదానం మన చేతిలోనే ఉంది. వచ్చే ఆదివారం మీ దగ్గర ఏ బండి ఉంటే ఆ బండి తియ్యండి. కారు లేకపోతే పల్లె బస్సెక్కండి. పెద్ద రోడ్డు వదిలి పాత దారిన పొండి. ఫోన్లు సంచిలో పెట్టించండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపండి. బోర్డులు పిల్లలతో చదివించండి, తప్పు చదివినా నవ్వకండి. "తిరిగి వచ్చేటప్పుడు" అని మాత్రం అనకండి.