మోటారుసైకిలు ముందు ఫోర్కు: సరియైన పనిముట్టు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

  

ఈ శుభసమయమున ప్రబంధములను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. నేను మోటారుసైకిలు ముందు ఫోర్కును గూర్చి మాటలాడెదనంటిని. వారు నవ్విరి గాని కాదనలేదు. జమాఖర్చులు వ్రాసికొను ఈ చేతులకు పానా పట్ట నేర్పినది ఈ గ్రంథాలయమే. ఆ ఋణమును ఇచ్చటనే తీర్చుకొనుట న్యాయము.

2014వ సంవత్సరమున నేనును, నా ఇల్లాలును స్వామిదర్శనము చేసికొని గుట్ట ఘాటురోడ్డు దిగుచుంటిమి. మలుపునొద్ద ముందు బ్రేకు నొక్కితిని, పట్టలేదు. వెనుక బ్రేకుతో ఎట్లో బండిని ప్రక్కకు చేర్చి ఆపితిని. దిగి చూడగా కుడి ఫోర్కునుండి నూనె కారి బ్రేకు డిస్కు తడిసియున్నది. నెల దినములకు ముందే ఆ సీలును ఒకచోట మార్పించియుంటిని. ఆ పిల్లవాడు పాత సీలును స్క్రూడ్రైవరుతో పెల్లగించి, క్రొత్తదానిని సుత్తితో కొట్టి దించెను. వానికి కొరవడినది బుద్ధి కాదు, పనిముట్టు. ఎదుట నిలిచి చూచియు అడుగలేని నాకు కొరవడినది తెలివి. ఆ రాత్రి నా భార్య ఒక్క మాటయు అనలేదు. అదియే నన్ను ఈ గ్రంథాలయమునకు నడిపించెను. ఇచ్చటి బీరువాలో బండి మరమ్మతు పుస్తకము దొరకినది.

మనము షాకబ్జరని పిలుచు ఈ ఫోర్కులో ఒక గొట్టము మరొక గొట్టమున జారుచుండును. లోపల స్ప్రింగు, నూనె ఉండును. స్ప్రింగొక్కటే ఉన్నచో బండి గుంటలో పడిన పిదప ఎగురుచునే ఉండును. చెరువు నీరు తూమున అణగి వచ్చునట్లు, నూనె సన్నని రంధ్రములగుండ సాగి ఆ ఊపును అణచును. ఇట్టి నూనె ఫోర్కుతో జర్మనీలోని బి.ఎం.డబ్ల్యు. సంస్థ 1935లో ఆర్ 12 అను బండిని విపణికి తెచ్చెను. ఆ నూనెను కాచునది వ్రేలెడు మందము లేని రబ్బరు సీలు.

ఇక పని క్రమము వినుడు. బండిని నిలిపి, ఇరుసు నట్టును ముందుగా వదులు చేసి, ఇంజను క్రింద గట్టి ఆధారముంచి చక్రమును నేలనుండి లేపవలెను. బ్రేకు కాలిపరును త్రాటితో కట్టవలెను, గొట్టముపై వ్రేలాడనీయరాదు. ఫోర్కు బండికి బిగిసియుండగనే పై పట్టు బోల్టును సడలించి, తల మూతను వదులు చేయవలెను. ఊడదీసిన పిదప అది తిరుగదు. అడుగు అలెన్ బోల్టును గూడ స్ప్రింగు లోపలనుండగనే కదల్చవలెను. తల మూత క్రింద స్ప్రింగు ఒత్తిడి ఉండును. కావున ముఖమును ప్రక్కకుంచి, మూతను అదిమిపట్టి విప్పవలెను.

నూనె వంచి, పై ధూళి సీలును, సర్క్లిప్పును తీసిన తరువాత పాత సీలును సీలు పుల్లరుతో, అంచున గుడ్డ ఉంచి తీయవలెను. భాగములను గ్యాసునూనెతో కడిగి ఆరనీయవలెను. గొట్టమును అద్దముపై దొర్లించిన వంకర తెలియును. గోటితో తడిమిన గీత తెలియును. గీత లోతైనచో ఎన్ని సీళ్లు మార్చినను నూనె కారును.

క్రొత్త సీలుకు నూనె పూసి, గొట్టపు అంచున పలుచని ప్లాస్టిక్కు కాగితము చుట్టి, తిన్నగా దింపవలెను. సీలు చుట్టును సమముగా తాకు డ్రైవరుతో మెల్లగా కొట్టవలెను. సర్క్లిప్పు తన గాడిలో కూర్చుండిననే సీలు సరిగా దిగినట్లు. అడుగు బోల్టుకు క్రొత్త రాగి వాషరు వేయవలెను. బండి పుస్తకమున చెప్పిన రకపు నూనెను చెప్పిన కొలతకు పోసి, గొట్టమును మెల్లగా పలుమార్లు ఆడించి గాలి వెడలించవలెను. కుడియెడమల లెక్క జమాఖర్చులవలె సరిపోవలెను. తిరిగి బిగించునపుడు టార్కు పానా వాడవలెను. నూనె త్రాగిన బ్రేకు ప్యాడ్లను తుడిచి వాడరాదు, మార్చవలెను. బయలుదేరక ముందు బ్రేకు లీవరును గట్టిపడువరకు నొక్కి చూడవలెను.

వ్యాకరణమున ఆగమము, ఆదేశము, లోపము అని మూడు కార్యములు కలవు. ఫోర్కు పనిలో ఆదేశమొక్కటే సమ్మతము: పాత సీలు స్థానమున క్రొత్త సీలు. పని ముగిసిన పిదప పళ్లెములో ఒక వాషరు మిగిలినచో అది లోపము, బండి నెక్కరాదు!

ఒక మనవితో ముగించెదను. సీలు డ్రైవరు, టార్కు పానా, కొలతగ్లాసు ఏడాదికొక్కమారు కావలసిన వస్తువులు. ఒక్కొక్క ఇంట కొనుట భారము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిననాటినుండి మన గ్రంథాలయములు సాధించినదేమి? ఒక్కడు కొనలేనిదానిని పదిమందికి అందించుట. పుస్తకముల ప్రక్కన పనిముట్ల బీరువా ఒకటి ఏల ఉండరాదు? చేబదులు చిట్టా నేనే వ్రాసెదను. నాటి నా పానాల పెట్టెను తొలి కానుకగా ఈ బల్లపై ఉంచుచున్నాను.