ఆటపై మమకారం తగునా?



లోకంలో ఇంత ఆకలి, ఇంత అవమానం ఉండగా క్రికెట్‌పై మమకారం తగునా అని మొన్న ఒక విద్యార్థి నన్ను నిలదీశాడు. నాకు పల్వంకర్ బాలూ జ్ఞాపకం వచ్చారు. చర్మకార కులంలో పుట్టిన ఆ ఎడమచేతి స్పిన్నర్‌తో పూనాలో అగ్రవర్ణ సహచరులు బంతిని పంచుకున్నారు గాని, తేనీరు మాత్రం పెవిలియన్ వెలుపల, మట్టిపాత్రలో ఇచ్చారు. 1911 ఇంగ్లండు పర్యటనలో ఆయన నూరుకు పైగా వికెట్లు తీశారు. అయినా హిందూ జట్టు నాయకత్వం దక్కలేదు. 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది. ఆ తలుపు తెరిచింది ఆటే. కాని చవదార్ చెరువు నీటికై 1927లో మహాడ్‌కు కదలవలసే వచ్చింది. 1937 ఎన్నికలలో బాలూ బాబాసాహెబ్‌పై కాంగ్రెసు అభ్యర్థిగా నిలిచి ఓడారు. అందుకని ఆయన ఆటను నేను చిన్నచూపు చూడలేను. మన కుర్రవాళ్ల జట్టు చందా అడిగితే ఇస్తాను. బుద్ధవందన వేళకు మ్యాచ్ పెడితే మాత్రం కోప్పడతాను.