బాంబు పేలుడు - ఓటరు బాధ్యత

(సొసైటీ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిలో సాంఘిక శాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణి. ఇరవై ఏళ్లుగా నల్లబల్ల మీద కుడి నుంచి ఎడమకు రాసిన చెయ్యి ఇది. తెలుగులో ఉపన్యాసమంటే ఎక్కడైనా తడబడవచ్చు, పెద్దలు మన్నించాలి.

కార్యదర్శిగారు నన్ను పిల్లల చదువుల గురించి మాట్లాడమన్నారు. కాని మొన్న తొమ్మిదో తరగతిలో ఎన్నికల పాఠం చెబుతుంటే ఒక కుర్రవాడు లేచి, "సార్, ఎక్కడైనా బాంబు పేలితే దాంతో ఎలక్షన్లో ఒక పార్టీ గెలుస్తుందంట కదా, నిజమేనా?" అని అడిగాడు. పాఠ్యపుస్తకంలో దానికి జవాబు లేదు. రేపు చెబుతానని తప్పించుకున్నాను. ఆ రేపటి పాఠమే ఈ రోజు మీ ముందు ఉంచుతున్నాను.

ఆ ప్రశ్న నన్ను అంతగా పట్టుకోవడానికి మా ఇంటి సంగతి ఒకటి కారణం. మా అబ్బాజాన్, అల్లా వారికి జన్నత్ ప్రసాదించుగాక, టీవీలో ఎక్కడ పేలుడు వార్త వచ్చినా ముందు "ఎంతమంది పోయారు?" అని అడిగేవారు. అది విని తల పట్టుకుని కూర్చునేవారు. కాసేపయ్యాక మెల్లగా, "నామ్ బోలే క్యా?" అనేవారు. అంటే, పేరు చెప్పారా అని. చనిపోయినవారి కోసం పడే దుఃఖం ఒకటి, ఆ పేరు మనవాళ్లది అవుతుందేమోనన్న భయం ఒకటి. ఈ రెండూ ఒకేసారి మోసిన ఇళ్లు ఈ సభలో చాలా ఉన్నాయని నాకు తెలుసు.

ఇక అసలు విషయానికి వస్తాను. స్పెయిన్ దేశపు రాజధాని మాడ్రిడ్. 2004 మార్చి 11, గురువారం. పొద్దున్నే కూలీలు, గుమాస్తాలు, కాలేజీ పిల్లలు కిక్కిరిసి వెళ్లే నాలుగు లోకల్ రైళ్లలో సంచుల్లో పెట్టిన 10 బాంబులు కొద్ది నిమిషాల తేడాలో పేలాయి. 191 మంది చనిపోయారు, సుమారు 2,000 మంది గాయపడ్డారు. మృతుల్లో రుమేనియా నుంచి, మొరాకో నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన వలస జనం కూడా ఉన్నారు. 13 ఏళ్ల ముస్లిం బడిపిల్ల కూడా ఉంది. బాంబుకు మతం చూసి వదిలిపెట్టే తెలివి లేదు గదా!

సరిగ్గా మూడు రోజుల్లో, అంటే మార్చి 14 ఆదివారం నాడు, అక్కడ సాధారణ ఎన్నికలు. అధికారంలో ఉన్నది పీపుల్స్ పార్టీ. ప్రధాని అజ్నార్ తాను తప్పుకుని, తన వారసునిగా రహోయ్‌ను నిలబెట్టాడు. ప్రతిపక్షం సోషలిస్టు పార్టీ, దాని నాయకుడు జపతేరో. ఎన్నికలకు ముందు జరిగిన సర్వేలలో పాలకపక్షమే ముందున్నది. అయితే వాళ్లకు ఒక బలహీనత ఉంది. దేశంలో అత్యధికులు వద్దన్నా 2003లో ఇరాక్ యుద్ధాన్ని సమర్థించి, తరువాత సైన్యాన్ని పంపారు.

పేలుడు జరిగిన రోజే ప్రభుత్వం, ఇది బాస్క్ ప్రాంతపు వేర్పాటువాద సంస్థ 'ఎటా' చేసిన పని అని ప్రకటించింది. ఎటాకు రక్తపు చరిత్ర ఉన్న మాట నిజమే. కాబట్టి ఆ అనుమానంలో వింత లేదు. స్పెయిన్ పట్టుబట్టగా ఐక్యరాజ్య సమితి భద్రతా మండలి కూడా ఆ రోజే 1530వ నంబరు తీర్మానంలో ఎటా పేరు రాసింది. కాని అదే రోజు పోలీసులకు ఒక వ్యాను దొరికింది. అందులో డిటొనేటర్లు, ఖురాన్ పారాయణం ఉన్న టేపు ఉన్నాయి. రాత్రికి పేలని సంచి ఒకటి బయటపడింది. అందులోని సెల్‌ఫోను ఆధారంగా 13వ తేదీ శనివారం నాడు మొరాకో దేశస్తులు కొందరు అరెస్టయ్యారు. ఇంత జరుగుతున్నా ప్రభుత్వ ముఖ్యులు ఎటా మాటనే పట్టుకుని వేళ్లాడారు.

ఎందుకు? అక్కడి జనం చెప్పుకున్న లెక్క ఇది. చేసింది ఎటా అయితే, ఉగ్రవాదంపై కఠినంగా ఉన్న ప్రభుత్వమని ఓట్లు పడతాయి. చేసింది అల్ ఖైదా మార్గం పట్టినవారైతే, ఇరాక్ యుద్ధం మన ఇంటికొచ్చిందని ఓట్లు పోతాయి. శనివారం ప్రచారం నిషేధమైనా, సెల్‌ఫోన్లలో ఒకరికొకరు సందేశాలు పంపుకుని వేలాదిమంది పాలకపక్షం ఆఫీసుల ముందు చేరారు. ఓటు వేసేముందు మాకు నిజం తెలియాలి అని అడిగారు.

ఆదివారం ఏమైందో అంకెలు చెబుతాయి. 2000 ఎన్నికల్లో 68.7 శాతం ఓట్లు పడితే ఈసారి 75.7 శాతం పడ్డాయి. 350 స్థానాల్లో సోషలిస్టులకు 164, పీపుల్స్ పార్టీకి 148 వచ్చాయి. ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. పాలకపక్షానికి పాత ఓట్లలో తగ్గినవి ఐదారు లక్షలే. ప్రతిపక్షానికి పెరిగినవి సుమారు 31 లక్షలు! అంటే అటు నుంచి ఇటు గెంతినవారి కంటే, ఇంతకు ముందు ఈ పార్టీకి వేయనివారూ, ఇంట్లో కూర్చున్నవారూ లేచి వచ్చిందే ఎక్కువ.

అది బాంబు వల్లనా, అబద్ధం వల్లనా, ఇరాక్ వల్లనా? పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. స్పెయిన్‌కే చెందిన ఒక ఆర్థిక శాస్త్రవేత్త, విదేశాల్లో ఉంటూ పేలుడుకు ముందే పోస్టులో ఓటు వేసినవారి ఓట్లను తరువాత పడిన ఓట్లతో పోల్చి, దాడి లేకపోతే పాలకపక్షమే గెలిచేదని తేల్చాడు. దాడి నిద్రపోతున్న కోపాన్ని లేపిందే గాని కొత్తగా పుట్టించలేదని మరికొందరు అన్నారు. జపతేరో గెలిచిన తరువాత ఇరాక్‌లోని 1,300 మంది సైనికులను వెనక్కి పిలిపించాడు. ఉగ్రవాదులకు లొంగిపోయాడని కొందరు నిందించారు. అయితే ఆ వాగ్దానం బాంబులకు ముందే చేసినదని మరచిపోరాదు.

మరి ప్రతిచోటా ఇలాగే జరుగుతుందా? జరగదు. ఇజ్రాయెల్‌లో 1996 ఫిబ్రవరి, మార్చి నెలల్లో వరుసగా ఆత్మాహుతి దాడులు జరిగి సుమారు 60 మంది చనిపోయారు. అంతకు ముందు సర్వేలలో ముందున్న షిమోన్ పెరెజ్, మే 29న ఒక్క శాతం లోపు తేడాతో నెతన్యాహు చేతిలో ఓడాడు. అక్కడ భయం కఠినంగా మాట్లాడినవారి వైపు మొగ్గింది.

మన దగ్గర చూడండి. 2003 అక్టోబర్ 1న తిరుమల బ్రహ్మోత్సవాలకు వెళుతున్న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుగారిపై అలిపిరి వద్ద పీపుల్స్ వార్ నక్సలైట్లు క్లేమోర్ మైన్లు పేల్చారు. ఆయన గాయాలతో బయటపడ్డారు. తరువాత శాసనసభను ముందుగానే రద్దు చేసి ఎన్నికలకు వెళ్లారు. సానుభూతి వెల్లువ వస్తుందని చాలామంది అనుకున్నారు. మాడ్రిడ్ ఎన్నికలు అయిన మరుసటి నెలలోనే, 2004 ఏప్రిల్‌లో, మనవాళ్లు ఓట్లు వేశారు. 294 స్థానాల సభలో తెలుగుదేశానికి 47 వచ్చాయి. లోక్‌సభకు 42లో 5 వచ్చాయి. కరువులో ఉన్న రైతు ఆయన ప్రాణం దక్కినందుకు సంతోషించాడు, ఓటు మాత్రం తన కష్టాన్ని చూసి వేసుకున్నాడు. 2008 నవంబర్‌లో ముంబయిపై దాడి సాగుతుండగానే 29వ తేదీన ఢిల్లీ శాసనసభకు పోలింగ్ జరిగింది. అక్కడా పాలకపక్షమే మళ్లీ గెలిచింది.

కాబట్టి మా కుర్రవాడికి నేను చెప్పే జవాబు ఇది. బేటా, బాంబు తనంతట తాను ఎవరినీ గెలిపించదు. అది జనాన్ని భయపెడుతుంది, కోపం తెప్పిస్తుంది. ఆ భయాన్నీ ఆ కోపాన్నీ ఎటు మళ్లించాలో నాయకులు, పత్రికలు, ఇరుగుపొరుగు కలిసి నిర్ణయిస్తారు. ఆ మూడు రోజుల్లో ఎవరు నిజం చెప్పారు, ఎవరు తొందరపడి పేరు చెప్పారు అన్నదే ముఖ్యం.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. మాడ్రిడ్‌లో ఆ పని చేసినవారు మన మతం పేరు చెప్పుకున్నవారే. 2007 అక్టోబర్‌లో కోర్టు 28 మందిలో 21 మందికి శిక్ష వేసింది, ఎటా హస్తానికి ఆధారం లేదన్నది. దీన్ని దాచి లాభం లేదు. మొదటి సంవత్సరీకం నాటికి, 2005 మార్చిలో, స్పెయిన్ ఇస్లామిక్ కమిషన్ బిన్ లాడెన్‌కు వ్యతిరేకంగా ఫత్వా ఇచ్చింది. ఆ ధైర్యం మెచ్చదగినది. అదే నోటితో ఇంకొకటి అడుగుతాను. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగింది. నమాజుకు వెళ్లినవారే చనిపోయారు. ఆ తరువాత అనుమానంపై పట్టుకుపోయినవారిలోనూ ముస్లిం యువకులు ఎందరో ఉన్నారు. వారిలో చాలామందిని కోర్టులు నిర్దోషులుగా వదిలాయి. తొందరపడి చెప్పిన పేరు ఎటాది అయినా, మన గల్లీ పిల్లవాడిది అయినా, తప్పు తప్పే. మాడ్రిడ్‌లో దానివల్ల ఒక ప్రభుత్వం పడిపోయింది. ఇక్కడ ఒక పిల్లవాడి చదువు, పెళ్లి, బ్రతుకు పడిపోతాయి. ప్రభుత్వం ఎప్పటికైనా తిరిగి లేవగలదు. పిల్లవాడు లేవడం కష్టం.

అందుకని చివరగా మూడు మనవులు. ఒకటి, అలాంటి రోజు వస్తే, అల్లా రానివ్వకుండుగాక, ముందు రక్తదానానికి, ఆసుపత్రికి పరుగెత్తుదాం. పేరు సంగతి తరువాత. రెండు, సెల్‌ఫోనులో వచ్చిన ప్రతి వార్తనూ ముందుకు తోసేయవద్దు. విచారించిన తరువాతే నమ్మమన్నది మనకు కొత్త పాఠం కాదు. మూడు, ఓటు వేసేనాడు భయంతో వేయవద్దు, భయంతో ఇంట్లోనూ కూర్చోవద్దు. బియ్యం ధర, బడి, ఆసుపత్రి, నిజం చెప్పే నోరు, ఇవి చూసి వేయండి. మన పేర్లు జాబితాలో ఉన్నాయో లేవో ఈ వారమే చూసుకోండి.

మా అబ్బాజాన్ "నామ్ బోలే క్యా?" అని అడుగుతూనే వెళ్లిపోయారు. నా విద్యార్థి ఆ ప్రశ్న అడగనవసరం లేని రోజు రావాలి. అందుకు బడిలో నేను చేయగలిగింది నేను చేస్తాను, ఇంట్లో మీరు చేయవలసింది మీరు చేయండి.