పాలో ఆల్టోలో చూసిన పాత సినిమాహాలు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఏ. బకాయిల సంగతి, హెల్త్ కార్డుల సంగతి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నాకిచ్చిన పది నిమిషాలలో నేను సినిమా గురించి మాట్లాడతాను. నవ్వకండి. చివర ఒక విన్నపం ఉంది.

2018లో నేనూ, మా ఆవిడా కాలిఫోర్నియాలో మా అబ్బాయి దగ్గర ఆరు నెలలు ఉన్నాము. వెళ్లివచ్చినవారికి తెలుసు, అక్కడ పగలంతా ఇంట్లో ముసలివాళ్లిద్దరే. మాట్లాడుకోవడానికి కూడా కొత్త సంగతులుండవు. డిసెంబరు 24న అబ్బాయి మమ్మల్ని పాలో ఆల్టో అనే ఊరికి తీసుకువెళ్లి, యూనివర్సిటీ అవెన్యూలోని స్టాన్‌ఫర్డ్ థియేటరులో కూర్చోబెట్టాడు.

ఆ హాలు 1925లో, మూగ సినిమాల కాలంలో కట్టినది. 1987లో ప్యాకార్డ్ కుటుంబపు ఫౌండేషను దానిని కొన్నది. హ్యూలెట్-ప్యాకార్డ్ కంపెనీ స్థాపకులలో ఒకరైన డేవిడ్ ప్యాకార్డ్ గారి కుమారుడు, ఒకప్పుడు గ్రీకు, లాటిను భాషలు బోధించినవారు, పూనుకొని దానిని తొలినాటి రూపానికి తెచ్చి 1989లో తెరిపించారు. అక్కడ ఆడేవి చాలావరకు 1920, 1965 మధ్య వచ్చిన హాలీవుడ్ చిత్రాలు. మామూలు రోజులలో ఒకే టికెట్టుకు రెండు సినిమాలు. అది లాభం చూసుకుని నడిపే హాలు కాదు. కోవిడ్ మూలంగా 2020లో మూతపడినా, 2022లో మళ్లీ తలుపులు తీశారు.

ఆట మొదలయ్యే ముందు ఒకాయన తెర ముందర వుర్లిట్జర్ ఆర్గన్ వాయించాడు. మూగ సినిమాలకు సంగీతం ఇటువంటి వాద్యాల మీదనే వాయించేవారు. ఆ తరువాత 1946 నాటి 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' వేశారు. ఏటా క్రిస్మస్ ముందురోజు రాత్రి ఆ సినిమా వేయడం అక్కడి ఆనవాయితీ.

కథ మన గుమాస్తాలకు బాగా తెలిసినదే. ఒక చిన్న ఊళ్లో అప్పులిచ్చే సంస్థ. ఎనిమిది వేల డాలర్ల నగదు కనబడకుండా పోయింది. లెక్కలు తనిఖీ చేసే అధికారి అదే రోజు వచ్చి కూర్చున్నాడు. నాకు అరచేతులు చెమట పట్టాయి. మా ఆవిడకు ఇంగ్లీషు రాదు. "డబ్బు దొరికిందా లేదా?" అని పది నిమిషాలకొకసారి నా మోచేయి పొడుస్తోంది. దొరకదు. తన బ్రతుకు వృథా అనుకున్న ఆ మనిషికి, తను పుట్టకపోయి ఉంటే ఊరు ఎలా ఉండేదో ఒక దేవదూత చూపిస్తాడు. చివరికి ఊరి జనమంతా తలా కొంత తెచ్చి అతని బల్ల మీద పోస్తారు. పక్క సీటులోని తెల్ల ముసలమ్మ కళ్లు తుడుచుకుంటూ మా ఆవిడకు కూడా ఒక కాగితపు రుమాలు ఇచ్చింది. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు.

అప్పుడు నాకు ఒక ఫైలు గుర్తుకు వచ్చింది.

డివిజను కచేరీలో సినిమా లైసెన్సుల సీటు నేను కొన్నేళ్లు చూశాను. ఇసుక బకెట్లున్నవా, బయటకు పోయే దారులు సరిగా ఉన్నవా, ప్రొజెక్టరు గది నిప్పుకు తట్టుకుంటుందా, ఇవీ నేను చూసే కాలములు. ఆ గది నిబంధనలు ఊరికే పుట్టలేదు. వెనుకటి నైట్రేటు ఫిల్ము ఇట్టే అంటుకునేది, నిలవ ఉంటే దానంతటదే చీకిపోయేది. 1932 నాటి మన 'భక్త ప్రహ్లాద' టాకీ ప్రింటు నేడు లభ్యం కాదు. అలా పోయినవి ఎన్నో!

మా ఊరి పాత హాలు యజమాని ఒకరోజు లైసెన్సు వాపసు చేస్తూ అర్జీ పెట్టుకున్నాడు. నేను చిన్నప్పుడు నేల టికెట్టు మీద 'మాయాబజార్' చూసిన హాలు అది. "రేపు ఆఖరి ఆట. ఒక్కసారి రండి బాబూ," అన్నాడు. బల్ల మీద కాగితాలు కుప్పగా ఉన్నాయి, వెళ్లలేదు. నోటు రాసి, సంతకానికి పెట్టి, ఫైలు రికార్డు రూముకు పంపేశాను. హాలు మొదట కల్యాణమండపమైంది, ఆ పైన దుకాణాల సముదాయమైంది. అందులో నా తప్పేమీ లేదు, నిబంధనల ప్రకారమే చేశాను. అయినా ఆ ఆఖరి ఆటకు ఒక టికెట్టు కొనుక్కుని కూర్చోవలసినవాడిని. పాలో ఆల్టోలో ఆ రాత్రంతా నన్ను బాధపెట్టింది అదే.

పాత సినిమాలు ఇప్పుడు సెల్‌ఫోనులోనే వస్తున్నాయి కదా అంటారు. వస్తున్నాయి. నేనూ చూస్తాను. కాని ఫోనులో ఘటోత్కచుడు బొటనవేలంత ఉంటాడు. మనం నవ్వితే కలిసి నవ్వేవాడుండడు. కన్నీరొస్తే రుమాలు ఇచ్చేవారుండరు. మనలో ఎంతమంది ఉదయం నుంచి రాత్రి దాకా ఒంటరిగా గోడ చూస్తూ కూర్చుంటున్నారో మీకు తెలుసు.

ప్యాకార్డుగారి వంటి దాత మనకు దొరకకపోవచ్చు. అయితే మన ఊళ్లో ఒక పాత హాలు ఇంకా నడుస్తూనే ఉంది. వారం మధ్య ఉదయం ఆటకు సీట్లన్నీ ఖాళీ. నేను వెళ్లి యజమానిని అడిగాను. వంద టికెట్లకు ముందుగా డబ్బు కడితే, కాపీ, హక్కులు దొరికిన పాత సినిమా నెలకొకటి వేస్తానన్నారు. 'మాయాబజార్' 2010లో రంగులలో హాళ్లకు వచ్చింది కనుక దానితో మొదలుపెట్టవచ్చు. 2022లో కుర్రవాళ్లు 'పోకిరి'ని మళ్లీ హాళ్లలో ఆడించుకున్నారు. వాళ్లకున్న పట్టుదల మనకు లేదా?

మెట్లెక్కలేనివారికి కింది సీట్లు ఉంచుతామన్నారు. మనుమలను కూడా తీసుకురండి. టీ బల్ల దగ్గర ఒక నోటుబుక్కు పెట్టాను, పేర్లు రాయండి. మొదటి రెండు పేర్లు నాదీ, మా ఆవిడదీ. ఇంకా తొంభై ఎనిమిది కావాలి.