మిస్సింగ్ కొట్టే పాత బండి: ముందు వాసన సంగతి

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన బిచ్కుందలో బండిని నమ్ముకుని బతికే ఇండ్లు ఉన్నాయి. సోయాబీను బస్తాలు బాన్సువాడకు, సామాను దెగ్లూరు నుంచి ఇటు. పాత పికప్పు ఒక్కరోజు నిలబడితే ఆ రోజు సంపాదన లేనట్టే. అందుకే షెడ్డు పని చేసుకునే మమ్మల్ని రెండు మాటలు చెప్పమన్నారు. డీజిలు బండి రోగం వేరు. మేము చెప్పేది కార్బురేటర్ ఉన్న పాత పెట్రోలు బండ్ల సంగతి, జీపు ఇంజను పికప్పులు, పాత ఓమ్నీలు.

బండి మిస్సింగ్ కొడుతూ పెట్రోలు వాసన కూడా వస్తే అందరూ మొదట ప్లగ్గుల మీద పడతారు. మేమైతే ముందు వాసన ఎక్కడిదో చూస్తాము. వాసన సైలెన్సర్ దగ్గరైతే పెట్రోలు కాలకుండా బయటికి పోతున్నదని అర్థం. బానెట్ కింద పచ్చి వాసనైతే ఎక్కడో కారుతున్నది. అప్పుడు సెల్ఫ్ కొట్టవద్దు, బీడీ వెలిగించవద్దు. బండిని ఆరుబయటికి నెట్టి, బ్యాటరీ వైరు తీసి, ఇంజను చల్లబడ్డాక టార్చిలైటుతో పైపులు తడిమి చూడాలి. ప్లగ్గు బయట పెట్టి కరెంటు వస్తున్నదా అని చూసే అలవాటు మన కుర్రవాళ్లకు ఉన్నది. కారే బండి దగ్గర ఆ ఒక్క మెరుపు చాలు, బండీ మనిషీ కాలడానికి.

ఇప్పుడు పైపుల సంగతి మరీ ముఖ్యం. 2025 నాటికి మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. పాతకాలపు రబ్బరు దానికోసం చేసింది కాదు. మెత్తబడుతుంది, పగులుతుంది. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. వానాకాలంలో చాలా రోజులు కదలని బండిలో నీళ్లు అడుగున చేరితే అదీ మిస్సింగే. పైపులు కొత్తవి వేయించండి, ఇథనాల్‌కు తట్టుకునేవని అడిగి మరీ కొనండి.

ఇంకొకటి, ఆయిల్ గేజ్ తీసి వాసన చూడండి. ఆయిల్ పలచబడి, మట్టం పెరిగి, పెట్రోలు వాసన కొడితే పంపు డయాఫ్రం చిరిగి ఉండవచ్చు. ఆ ఆయిల్‌తో బండి నడిపితే బేరింగులు పోతాయి. పంపు బాగుచేసి, ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయాలి.

కారడం ఆగిందని తేలాక మిస్సింగ్ పట్టుకోవడం పెద్ద విద్య కాదు. ఇంజను నడుస్తుండగా, పొడిగా ఉన్న రబ్బరు గ్లౌజుతో ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే తీసి పెట్టాలి. తీయగానే ఇంజను తగ్గితే ఆ సిలిండరు బాగున్నట్టు. ఏమీ తేడా రాకపోతే దొంగ అదే. ఇంజను ఆపి దాని ప్లగ్గును పక్క సిలిండరుకు మార్చండి. రోగం ప్లగ్గుతో పాటు పోతే ప్లగ్గే. పోకపోతే వైరు, డిస్ట్రిబ్యూటర్ మూతలో పగులు, తేమ చూడాలి. వైర్లు కలిసిపోయాయా అన్నది కూడా. మహీంద్రా పాత హరికేన్ ఇంజనుకు వరస 1-3-4-2.

ఒక్క ప్లగ్గే తడిగా ఉంటే దానికి కరెంటు లేదు. అన్నీ మసిబారి నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ పోతున్నది. చోక్ ఇరుక్కుందో, ఫ్లోట్ నీడిల్ అరిగిందో చూసుకోవాలి. చాలామంది ఇక్కడ కొత్త కార్బురేటర్ కొనిపిస్తారు, మాకది నచ్చదు. నీడిలుతో పోయేదానికి అంత ఖర్చెందుకు?

ఇవన్నీ చేసినా ఒకే సిలిండరు చచ్చి ఉంటే కంప్రెషన్ చూడాలి. వాల్వు కాలిందంటే హెడ్డు దించే పని. దానికి మాత్రం విప్పకముందే ఉస్తాదుతో బేరం మాట్లాడుకోండి.